ఆరోగ్య విషయములు: ఊపిరితిత్తులలో నెత్తురుగడ్డ

ఆపరేషను జరిగినవారికిని, బాలింతలకును పొంచియుండు ఒక యపాయమును గూర్చి యీ మాసమున ముచ్చటింతము. కాలి లోపలి సిరలో నెత్తురు పేరి గడ్డకట్టుట కలదు. ఆ గడ్డ యొక్కొకప్పుడు ఊడి, గుండె కుడిభాగము గుండ పోయి ఊపిరితిత్తుల ధమని కడ్డుపడును. సాగరు కాలువ తూమునకు నాచుముద్ద యడ్డుపడినచో వెనుక నీరు పొంగి, దిగువ పొలము లెండును గదా! అట్లే కుడిగుండె యుబ్బును. దేహమునకు నెత్తురు తగ్గును.

1930-31 ప్రాంతమున అమెరికాలోని బోస్టన్ ఆసుపత్రిలో నొక స్త్రీకి పిత్తాశయపు ఆపరేషను పిమ్మట ఇట్టి గడ్డ వచ్చెను. జాన్ గిబ్బన్ అను యువవైద్యుడు రాత్రియెల్ల ఆమె చెంత కనిపెట్టుకొని యుండెను. గడ్డను తీసినను ఆమె బ్రతుకలేదు. గుండెకు, ఊపిరితిత్తులకు బదులు కొంతసేపు పనిచేయు యంత్ర మున్నచో ఆమె దక్కెడిదని యతడు తలపోసెను. భార్య మేరీ తోడ్పాటుతో ఏండ్ల తరబడి శ్రమించి, 1953 మే 6వ తేదీన అట్టి యంత్రము సాయమున ఒక యువతి గుండెలోని రంధ్రమును మూసెను.

నేటి గుండె ఆపరేషనులలో ఆ యంత్రము నడచునపుడు నెత్తురు గడ్డకట్టకుండ హెపారిన్ అను మందు నిత్తురు. పిదప ప్రోటమిన్ అను మందుతో దాని గుణమును విఱుతురు. అయినను అరుదుగ గడ్డ పుట్టవచ్చును. మత్తులోనున్న రోగి ఆయాసమని చెప్పలేడు. కావున రక్తపుపోటు పడిపోవుట, విడుచు ఊపిరిలో బొగ్గుపులుసువాయువు తగ్గుట చూచి వైద్యులు శంకింతురు. అన్నవాహికలోనికి దింపిన గొట్టము శబ్దతరంగములతో గుండె బొమ్మను చూపును. కుడిగుండె యుబ్బి, గడ్డ యున్నదని తేలినచో, అవసరమును బట్టి మరల యంత్రమును నడిపి, ధమనిని తెఱచి గడ్డను తీయుదురు.

ఇక నింటి సంగతి. బాలింతకు ఒక కాలు మాత్రమే వాచి, నొప్పిపెట్టి, వెచ్చగ నున్నచో వాతమని నూనె రాచి పిసుకరాదు. వెంటనే వైద్యునికి చూపవలెను. పథ్యము పేరిట మంచినీరు తగ్గింపరాదు. వైద్యులు సమ్మతించిన పిమ్మట మంచము దింపి నాలుగడుగులు నడిపింపవలెను. నెత్తురు పలుచబఱచు మందును వారు చెప్పక మానరాదు.

హఠాత్తుగ ఆయాసము, రొమ్ములో నొప్పి, దగ్గులో నెత్తురు, సొమ్మసిల్లుట కనబడినచో, మాచర్ల, గురజాల ప్రాంతపు పల్లెలలో నున్నను తెల్లవాఱనిండని జాగుచేయక 108కి ఫోను చేసి, వారు చేర్చు పెద్దాసుపత్రికి పొండు. అచ్చట మొట్టమొదట చెప్పవలసిన మాట యొకటి కలదు: కాన్పు గాని ఆపరేషను గాని జరిగి ఎన్నినాళ్లయినది? వైద్యునికి ఆ మాటయే మంచి యానవాలు.