సముద్రం లెక్కలు మన వాడకు చేరాలి

మా హాస్టల్లో చాలామందిమి మత్స్యకారుల పిల్లలం. అమావాస్యకు, పౌర్ణమికి పోటు పెద్దదని, రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుందని మా తాతలు చంద్రుణ్ణి చూసే చెబుతారు. అదీ శాస్త్రమే. కానీ రేపటి అలల ఎత్తు, ప్రవాహాల వేగం చంద్రుడు చెప్పడు. వాటిని 1999లో హైదరాబాదులో ఏర్పడిన ఇన్‌కాయిస్ సంస్థ బోయాలు, ఉపగ్రహాల సాయంతో లెక్కగట్టి ఉచితంగా ఇస్తోంది. ఆటుపోట్ల వేళల పట్టికలను సర్వే ఆఫ్ ఇండియా ఏటా వెలువరిస్తోంది. సమాచారానికి కొదవ లేదు, చదివి చెప్పేవారికే కొదవ. ఆ పని మనది కాదా? రోజూ సాయంత్రం ఆ అంకెలను నోటీసు బోర్డు మీద రాద్దాం. నాన్న పడవ తోసేలోపు ఇంటికి ఒక్క ఫోను చేద్దాం. మనల్ని చదివిస్తున్నది ఆ పడవే. మన చదువు ముందుగా దానికే అక్కరకు రావాలి.