మూడు గ్రాముల న్యాయం

సూరత్‌లో బరువు లెక్క తెలియకుండా బతకడం కష్టం. తాపీ నదికి ఉత్తరాన ఉన్న అమ్రోలిలో మరమగ్గాల దగ్గర నిలబడే కార్మికుడికి డెనియర్ అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. 9,000 మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు. తెలంగాణ నుంచి సూరత్‌కు తరలివెళ్లిన నేత కుటుంబాలకూ అది కొట్టిన పిండే. వంతెన దాటి కతార్‌గాం వెళితే లెక్క క్యారట్లలోకి మారుతుంది. క్యారట్ అంటే 200 మిల్లీగ్రాములు. అందులో నూరో వంతు తేడా వచ్చినా వజ్రం ధర మారిపోతుంది. కానీ ఇలాంటి చోట షిఫ్టు దిగిన కుర్రాడు పూల్ పార్లర్‌కు వెళితే మాత్రం, తెల్ల బంతి ఎంత తూగుతుందని అడిగే నాథుడుండడు.

అడగాల్సిన ప్రశ్నే అది. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం పూల్ బంతి వ్యాసం 57.15 మిల్లీమీటర్లు, బరువు 156 నుంచి 170 గ్రాముల మధ్య ఉండాలి. స్నూకర్‌ది మరో పద్ధతి. వ్యాసం 52.5 మిల్లీమీటర్లుండాలి. బరువు ఇంత అని అంకె లేదు కానీ, ఒక సెట్‌లో అన్నిటికన్నా బరువైన బంతికీ, తేలికైన బంతికీ తేడా 3 గ్రాములు దాటకూడదు. సూరత్ లెక్కలో చెప్పాలంటే 15 క్యారట్లు. బిలియర్డ్స్‌లో పట్టింపు ఇంకా ఎక్కువ. అక్కడ అనుమతించే తేడా అర గ్రామే.

బిలియర్డ్స్‌కే ఎందుకంత పట్టింపు? కారణం ఊహించడం కష్టం కాదు. స్నూకర్, పూల్‌లలో ఇద్దరూ కొట్టేది ఒకే తెల్ల బంతిని. అందులో లోపముంటే ఇద్దరికీ సమానమే. బిలియర్డ్స్‌లో ఎవరి బంతి వారిదే. ఒకరి బంతి కాస్త బరువుగా ఉన్నా పోటీ మొదటి నుంచే ఒక పక్కకు ఒరిగినట్లే. అహ్మదాబాద్‌లో పెరిగిన గీత్ సేథీ 1992 ప్రపంచ ప్రొఫెషనల్ బిలియర్డ్స్ చాంపియన్‌షిప్‌లో 1,276 పాయింట్ల బ్రేక్ సాధించారు. అన్ని పాయింట్లు ఆగకుండా రావాలంటే ప్రతిసారీ బంతి అనుకున్న చోటే ఆగాలి.

బరువులో తేడా ఉంటే ఆగదు. సమాన బరువున్న రెండు బంతులు నేరుగా ఢీకొంటే, తిరుగుడు లేకుండా జారుతూ వచ్చిన తెల్ల బంతి ఉన్నచోటే నిలిచిపోతుంది. దాని వేగమంతా రెండో బంతికి వెళ్తుంది. తెల్ల బంతి 10 శాతం బరువెక్కువైతే, వచ్చిన వేగంలో దాదాపు 5 శాతంతో ముందుకు సాగుతుంది. తేలికైతే వెనక్కి తన్నుకొస్తుంది. ఏటవాలు దెబ్బల్లో బంతి చీలిపోయే కోణమూ మారుతుంది.

పార్లర్లలో ఈ తేడా ఎవరో కావాలని తెచ్చిపెట్టేది కాదు. ప్రతి దెబ్బా పడేది తెల్ల బంతిపైనే కాబట్టి మిగతావాటికన్నా ముందు అరిగేదీ అదే. వ్యాసంలో ఒక్క శాతం, అంటే అర మిల్లీమీటరు పైచిలుకు అరిగితే బరువు 3 శాతం తగ్గుతుంది. 170 గ్రాముల బంతి 165కు దిగుతుంది. అది పగిలినా, పోయినా మరో సెట్‌లోని బంతి తెచ్చి పెడతారు. విదేశాల్లో నాణెం వేసి ఆడే టేబుళ్లదీ ఇదే చిక్కు. రంధ్రంలో పడిన తెల్ల బంతిని యంత్రం గుర్తుపట్టి వెనక్కి పంపాలి కాబట్టి దాన్ని పెద్దదిగానో, బరువైనదిగానో చేశారు. బ్రిటన్‌లో చిన్నది చేశారు.

దంతం రోజుల్లో ఈ సమస్య మరీ ఎక్కువ. తూర్పు ఆఫ్రికా ఏనుగు దంతాలు దిగిన పాత రేవుల్లో సూరత్ కూడా ఒకటి. దంతం గాలిలోని తేమకు స్పందిస్తుంది, లోపల అంతా ఒకే సాంద్రతతో ఉండదు. అది ప్రియం కూడా కావడంతో 1860లలో అమెరికాలో ప్రత్యామ్నాయం కనిపెట్టినవారికి 10,000 డాలర్ల బహుమతి ప్రకటించారు. జాన్ వెస్లీ హయత్‌ను సెల్యులాయిడ్ వైపు నడిపించింది ఆ ప్రకటనే. నేటి ఫినాలిక్ రెజిన్ బంతులతో ఒకే బరువు సాధ్యమైంది. ఇక కావలసింది దాన్ని కాపాడుకోవడమే.

ఒకే బంతితో ఇద్దరూ ఆడుతున్నప్పుడు గొడవేముందన్న వాదన ఉంది. ఆ గదిలో, ఆ రోజుకు అది నిజమే. నష్టం బయటికెళ్లాక తెలుస్తుంది. అరిగిన బంతితో రెండేళ్లు సాధన చేసిన కుర్రాడి చెయ్యి ఆ బరువుకే అలవాటు పడుతుంది. అతను జిల్లా పోటీకి వెళ్లి సరైన బంతిని కొడితే ఆగాల్సిన బంతి ఆగదు. క్లబ్బు సభ్యత్వమున్న ఇంటి పిల్లవాడికి ఆ ఇబ్బంది లేదు. అతను మొదటి నుంచీ మంచి సెట్‌తోనే ఆడాడు. ఓడినవాడు తన చేతినే తిట్టుకుంటాడు తప్ప బంతిని అనుమానించడు.

దీనికి పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు. చిన్న డిజిటల్ త్రాసు, వ్యాసం కొలిచే కాలిపర్ చాలు. నెలకోసారి తూచి, తెల్ల బంతి బరువును టేబుల్ పక్కన రాసిపెట్టవచ్చు. తేడా 3 గ్రాములు దాటితే బంతి మార్చాలి. పోటీలు నిర్వహించే సంఘాలు ఆ చీటీ ఉన్న పార్లర్లకే స్థానిక టోర్నీలు ఇస్తామంటే మిగతావారూ దారికొస్తారు. 2 మిల్లీగ్రాముల దగ్గర బేరమాడే ఊరికి 3 గ్రాములు తూచడం చేతకాని పని కాదు.