అభయమే కర్మక్షేత్రానికి పునాది

భగవద్గీత పదునారవ అధ్యాయంలో శ్రీకృష్ణ పరమాత్మ దైవీసంపదను వివరిస్తూ మొట్టమొదట నిలిపిన గుణం అభయము. అహింస, సత్యము, అక్రోధము ఇత్యాదులన్నీ దాని తరువాతనే వస్తాయి. భయగ్రస్తమైన మనస్సులో సత్యం నిలువదు కనుకనే ఈ క్రమమని నా భావన. ఇది ఆశ్రమవాసులకు మాత్రమే చెప్పిన మాట కాదు; మనం నిత్యం పనిచేసే కార్యాలయానికీ, గనికీ సమానంగా వర్తిస్తుంది.

గోదావరిఖని, మందమర్రి, శ్రీరాంపూర్ ప్రాంతాల ప్రజలకు బొగ్గుబాయి జీవితం సుపరిచితం. భూగర్భంలో సర్దారు కర్రతో పైకప్పును తట్టి చూస్తాడు. శిల దృఢంగా ఉంటే ఖంగుమంటుంది. పొర విడిపోయి ఉంటే బోలుగా పలుకుతుంది. ఆ బోలుధ్వనిని విన్నవాడు "పని ఆపండి" అని నిస్సంకోచంగా చెప్పగలగాలి. షిఫ్టులో ఉత్పత్తి తగ్గుతుందనో, పై అధికారి ఆగ్రహిస్తాడనో మౌనం వహిస్తే ఆ మౌనానికి మూల్యం ప్రాణాలే కావచ్చు. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్ఈపీ గనిలోకి నీరు చొచ్చుకువచ్చి 17 మంది మరణించారు. అదే సంవత్సరం అక్టోబరులో 8ఏ గనిలో పైకప్పు కూలి 10 మంది అసువులు బాశారు. ఆ దుర్ఘటనల కారణాలను విచారించడం ఇక్కడ నా ఉద్దేశం కాదు. గనిలో ఒక్క హెచ్చరిక విలువ ఎంతటిదో స్మరింపజేయడమే.

అదే గోదావరికి ఎగువన ధర్మపురిలో నృసింహస్వామి వెలసి ఉన్నాడు. ఆ స్వామిని దర్శించే మనకు ప్రహ్లాద చరిత్ర కొత్త కాదు. అయితే అందులో ఒక ఘట్టాన్ని మనం అంతగా గమనించము. నీవు నేర్చిన ఉత్తమమైన విషయం చెప్పుమని హిరణ్యకశిపుడు కుమారుణ్ణి అడుగుతాడు. బాలుడు సత్యం చెప్పగానే క్రోధంతో గురువుల వైపు తిరుగుతాడు. వెంటనే గురువు అనే మాట, ఇది మేము నేర్పినది కాదని! బాలుని మాటలో నిజమెంత అని అక్కడ ఎవరూ విచారించలేదు. తప్పు తనది కాదని నిరూపించుకోవడమే గురువుకు ప్రథమ కర్తవ్యమైంది. అభిప్రాయం అడిగి, చెప్పినవానిని దండించే ప్రతి కార్యాలయమూ ఆ సభయే.

హార్వర్డ్ ఆచార్యురాలు ఏమీ ఎడ్మండ్‌సన్ 1990లలో ఆసుపత్రులను పరిశీలించినప్పుడు, మంచి నాయకత్వం గల బృందాలలోనే ఎక్కువ పొరపాట్లు నమోదైనట్లు కనిపించింది. అక్కడ పొరపాట్లు ఎక్కువగా జరగడం వలన కాదు, దాచకుండా చెప్పుకోవడం వలన అని ఆమె గ్రహించారు. బయటపడిన దోషాన్నే కదా సరిదిద్దగలం!

భయం లేకపోతే క్రమశిక్షణ ఉంటుందా అని కొందరు శంకిస్తారు. సమాధానం గీతలోనే ఉంది. ఉభయసేనల నడుమ అర్జునుడు తన విషాదాన్ని దాచుకోలేదు. స్వామి మందలించాడు, కాని ప్రశ్నలను వారించలేదు, అడిగినవానిని విడిచిపెట్టలేదు. అట్లని కర్తవ్యాన్ని తేలిక చేయనూ లేదు. సర్వమూ బోధించి, చక్కగా విమర్శించుకొని ఇచ్ఛానుసారం చేయుమన్నాడు. అభయమూ కర్తవ్యనిష్ఠా పరస్పర విరుద్ధాలు కావని దీని తాత్పర్యం. తెలిసి చేసిన నిర్లక్ష్యానికి దండన ఉండవలసినదే. తెలియక జరిగిన పొరపాటును, ముందుగా చేసిన హెచ్చరికను ఆ గాటన కట్టడమే అధర్మం.

గనుల భద్రతా సంఘాలలో కార్మిక ప్రతినిధులకు ఆసనం ఉంది. ఆసనాన్ని నియమం ఇస్తుంది. గళాన్ని మాత్రం అధికారి ప్రవర్తనే ఇవ్వాలి. చెడువార్త తెచ్చినవానితో అధికారి పలికే మొదటి మాట "ఎవరు చేశారు?" అయితే రెండవ వార్త రాదు. "చెప్పి మంచిపని చేశావు, ఏం చేద్దాం?" అయితే పదిమంది కళ్ళు ఆయన కళ్ళవుతాయి.

హిరణ్యకశిపుని వధానంతరం ఉగ్రమూర్తిని సమీపించడానికి దేవతలే వెనుకాడారు. బాలప్రహ్లాదుడు దగ్గరకు వెళ్ళగా, అంతటి ఉగ్రుడూ వాని శిరస్సుపై చేయి ఉంచాడు. అధికారం ఉన్న ప్రతివారూ ధర్మపురిలో చేతులు జోడించినప్పుడు ఒక్కటి తలచుకోవాలి: నా వద్దకు నా కింద పనిచేసే అతి చిన్నవాడు నిర్భయంగా రాగలడా? రాలేకపోతే మన పూజ ఇంకా పూర్తి కాలేదు.