కంచే చేను మేస్తే

తిరువూరు నుంచి ఒక సోదరి పెద్ద ఉత్తరం వ్రాశారు. ఆమె భర్తకు నలభై రెండేళ్ళు. మామిడితోట పనులు దగ్గరుండి చూసుకునే మనిషి. పన్నెండు రోజులు జ్వరం దిగలేదు. ఊళ్ళో మలేరియా, డెంగీ, టైఫాయిడ్ పరీక్షలు చేయిస్తే ఏదీ తేలలేదు. ప్లేట్‌లెట్లు పడిపోతుంటే బెజవాడ తీసుకువెళ్ళారు. అక్కడి వైద్యులు స్క్రబ్ టైఫస్ అన్నారు, దానివల్ల హెచ్.ఎల్.హెచ్. వచ్చిందన్నారు. మాత్రలతోపాటు స్టెరాయిడ్ ఇచ్చారు. తగ్గకపోతే కాన్సరుకు వాడే మందు కూడా ఇవ్వవలసివస్తుందని చెప్పారట. ఆ అవసరం రాలేదు. ఆయన ఇంటికి వచ్చి వారమైంది. ఇప్పుడు బంధువులు, "సూక్ష్మజీవితో జబ్బుపడిన మనిషికి నిరోధకశక్తిని అణిచే మందేమిటి? వెంటనే మానిపించు" అంటున్నారు. ఏం చేయమంటారని ఆమె ప్రశ్న.

అమ్మా, మానిపించవద్దు. ఎందుకో చెబుతాను.

మన రక్తంలోని తెల్లకణాలు కావలివాళ్ళు. వాటిలో కొన్ని సూక్ష్మజీవి దూరిన కణాన్ని పొడిచి చంపుతాయి, పని ముగియగానే చల్లబడతాయి. ఒక్కొక్కరిలో అవి చల్లబడవు. మరిన్ని కణాలను కేకవేసి పిలుస్తూనే ఉంటాయి. ఆ పిలుపుకు రెచ్చిపోయిన భక్షక కణాలు శత్రువు ఎవరో మనవాడు ఎవరో చూడక, ఎర్రకణాలనూ ప్లేట్‌లెట్లనూ మింగడం మొదలుపెడతాయి. కంచే చేను మేయడమంటే ఇదే. ప్లీహం ఉబ్బుతుంది, కాలేయం దెబ్బతింటుంది, ఒక్కోసారి మెదడు కూడా. నోరు తిరగని దాని పూర్తి పేరు హీమోఫాగోసైటిక్ లింఫోహిస్టియోసైటోసిస్. 1939లో స్కాట్, రాబ్‌స్మిత్ అనే ఇంగ్లీషు వైద్యులు దీనిని మొదట వర్ణించారు. ఈనాటికీ ఇది ముదిరిన పెద్దవాళ్ళలో నూటికి నలభై మంది వరకు దక్కడం లేదు. అందుకే మీ వైద్యులు తొందరపడ్డారు.

దీన్ని పట్టుకోవడమే కష్టం. మామూలు జ్వరంలాగే వస్తుంది. దిగని జ్వరం, ఉబ్బిన ప్లీహం, రక్తకణాలు తగ్గడం, ఈ మూడూ కలిసినప్పుడు ఫెర్రిటిన్ అనే పరీక్ష చేయించాలి. ఇనుమును నిల్వచేసే పదార్థమది. ఈ జబ్బులో అది వేలకు, కొందరిలో పదివేలు దాటి పోతుంది. డెంగీలోనూ పెరుగుతుంది గనుక ఆ ఒక్క అంకెతో తీర్పు చెప్పకూడదు. ఇంకొక విచిత్రం: ఇ.ఎస్.ఆర్. పడిపోతే జబ్బు తగ్గిందనుకుంటాం గదా? ఇక్కడ జబ్బు ముదిరి, రక్తం గడ్డకట్టించే ఫైబ్రినోజెన్ హరించుకుపోయినప్పుడు కూడా అది పడిపోతుంది.

ఇక చికిత్స. మొదట నిప్పురవ్వ ఎక్కడిదో వెతకాలి. పెద్దవాళ్ళలో అది క్షయ కావచ్చు, వైరస్ కావచ్చు, లూపస్ వంటి జబ్బు కావచ్చు, లింఫోమా అనే కాన్సరు కావచ్చు. మన ప్రాంతాల్లో స్క్రబ్ టైఫస్‌ను మరువరాదు. పొదల్లో, గడ్డిలో ఉండే కంటికి ఆననంత చిన్న పురుగు పిల్ల కుడితే వస్తుంది. కుట్టినచోట సిగరెట్టుతో కాల్చినట్లు నల్లటి మచ్చ పడుతుంది, అందరికీ పడదు. పడినా చంకలోనో, గజ్జల్లోనో, రొమ్ముకిందనో ఉంటుంది. రోగికి సిగ్గు, ఇంట్లోవాళ్ళకు మొహమాటం. డాక్టరుగారు బట్టలు తొలగించి చూస్తానంటే చూడనివ్వండి. ఆ మచ్చ దొరికితే సగం కథ తేలిపోతుంది. దానికి డాక్సీసైక్లిన్ చవకైన మందు. జబ్బు ముదిరినవారికి దానితో అజిత్రోమైసిన్ కలిపి రక్తనాళంలోకి ఇస్తే మేలని మనదేశంలోనే జరిగిన పరిశోధన 2023లో వెలువడింది. రవ్వను త్వరగా ఆర్పితే మంట దానంతటదే చల్లారినవారూ ఉన్నారు.

అప్పటికే ఇల్లు అంటుకుంటే మటుకు రవ్వను ఆర్పి ఊరుకుంటే చాలదు. అందుకే డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్. దానికీ లొంగకపోతే ఎటొపొసైడ్. హిమాలయాల్లోనూ దొరికే ఒక మొక్క సారం నుంచి తయారయ్యే మందిది. కాన్సరు మందు ఇచ్చారంటే కాన్సరు వచ్చిందని కాదు. ఇక్కడ దాని పని రెచ్చిపోయిన కణాలను తగ్గించడం. జబ్బు మెదడుకు ఎక్కితే వెన్నులోని నీటిలోకి మెథోట్రెక్సేట్ ఇస్తారు. ఆ మందు భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వాన అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల్లో రూపొందింది. డాక్సీసైక్లిన్ కుటుంబానికి పెద్దబిడ్డ అయిన ఆరియోమైసిన్, 1948లో లోకానికి వెల్లడైనది, అదీ వారి ఆధ్వర్యంలోనే డగ్గర్ అనే శాస్త్రజ్ఞుడు కనిపెట్టిందే. తిరువూరు ఆయన జబ్బుకు అటు రవ్వనార్పే మందులోనూ ఇటు మంటనార్పే మందులోనూ ఒక తెలుగువాడి చెయ్యి ఉందంటే నాకు ముచ్చటగానే ఉంటుంది.

ఇంత మాత్రాన స్టెరాయిడ్ ప్రతి జ్వరానికీ మంచిదనుకోకండి. పల్లెల్లో జ్వరం అనగానే ఒక డెక్సా సూది పొడవడం పరిపాటి అయింది. జ్వరం దిగుతుంది, రోగి మెచ్చుకుంటాడు. లోపల లింఫోమా ఉంటే అది తాత్కాలికంగా ముడుచుకుని, తరువాత ముక్క తీసి పరీక్షించినా కనబడకుండా పోవచ్చు. క్షయ ఉంటే పెరుగుతుంది. అదే మందు అక్కడ దోషం, ఇక్కడ ప్రాణదాత.

కాబట్టి, అమ్మా, స్టెరాయిడ్‌ను వైద్యులు చెప్పిన లెక్క ప్రకారం వారం వారం తగ్గించవలసిందే గాని ఒక్కరోజులో ఆపకూడదు. ఆపితే జబ్బు తిరగబెట్టవచ్చు. బయటి మందుకు అలవాటుపడి తన పని మానుకున్న ఒంటిలోని గ్రంథి హఠాత్తుగా చేతులెత్తేయవచ్చు. మందు వాడినన్నాళ్ళూ రక్తంలో చక్కెర చూపించండి. జ్వరం మళ్ళీ తగిలినా, ఒంటిమీద నీలిమచ్చలు వచ్చినా, కళ్ళు పచ్చబడినా, మాట తడబడినా తెల్లవారేదాకా ఆగక బయలుదేరండి. మొదటి ఆస్పత్రి కాగితాలన్నీ వెంట ఉంచుకోండి, ముఖ్యంగా ఫెర్రిటిన్ అంకెలు.

పిల్లలకు అంటుతుందేమోనని ఉత్తరం చివర అడిగారు. అంటదు. స్క్రబ్ టైఫస్ కూడా మనిషి నుంచి మనిషికి రాదు. పుట్టుకతో వచ్చే హెచ్.ఎల్.హెచ్. వేరే ఉంది; అది ఎక్కువగా పసిబిడ్డల్లో బయటపడుతుంది. తోటకు మళ్ళీ ఎప్పుడు వెళ్ళవచ్చో మీ వైద్యులే చెప్పాలి. వెళ్ళిననాడు నిండుచేతుల చొక్కా, కాళ్ళు కప్పే పంట్లాము వేసుకోమనండి, ఇంటికి రాగానే స్నానం. విప్పిన చొక్కాను గట్టుమీది గడ్డిపై పడేసే అలవాటుంటే అదీ మానమనండి.