సముద్రం దగ్గర ఇరవై నిమిషాలు

ఈ ఏడాది వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్లు ఫోన్ చేసినప్పుడు, పాత విద్యార్థులందరూ రాసేదే నేనూ రాద్దామనుకున్నాను. క్రమశిక్షణ, పట్టుదల, హాస్టల్ బువ్వ రుణం. అంతలో విహారయాత్ర సంగతి తెలిసింది. పాత విద్యార్థులం తలా కొంత చందా వేసుకొని ఈసారి పిల్లలను సముద్రానికి తీసుకుపోవాలని అనుకున్నారట. మంచి మాట. దాని కార్యక్రమం కాగితం నాకూ పంపారు. అది చదివాక రాయాలనుకున్నదంతా పక్కన పెట్టి ఇది రాస్తున్నాను.

కాగితంలో ఉన్నది ఇదీ. తెల్లవారుజామున 3 గంటలకు బస్సు బయలుదేరుతుంది. ఉండవల్లి గుహలు, మంగళగిరి, దుర్గ గుడి, ప్రకాశం బ్యారేజీ, భవానీ ద్వీపం, ఆఖరున మచిలీపట్నం దగ్గర మంగినపూడి బీచ్. రాత్రికి రాత్రే తిరుగు ప్రయాణం. ఒక్క రోజులో ఆరు చోట్లు. దీనికి నేను వ్యతిరేకం. ఎందుకో చెప్పాలంటే ముందు ఒక తప్పు ఒప్పుకోవాలి.

2016 డిసెంబరులో, నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు, ఇలాంటి యాత్రకే పోయాను. అప్పటికి నేను సముద్రం చూడలేదు. మా ఇంట్లో ఎవరూ చూడలేదు. గుహల దగ్గర అరగంట అన్నది గంటన్నర అయింది. గుడి క్యూలో మూడు గంటలు పోయాయి. బ్యారేజీని కిటికీలోంచి చూశాం. పులిహోర పొట్లాలు బస్సులోనే విప్పాం, సగం మంది బస్సులోనే కక్కుకున్నారు. మంగినపూడి చేరేసరికి ఆరున్నర దాటింది. డిసెంబరులో ఆ వేళకు పూర్తిగా చీకటి. ఎదురుగా నల్లగా ఏదో ఉంది, చల్లటి గాలి వస్తోంది, చప్పుడు వస్తోంది. అంటే మేం సముద్రాన్ని విన్నాం గాని చూడలేదు. చెప్పులు చేత పట్టుకొని తడి మట్టిలో నిలబడ్డ ఇరవై నిమిషాలకు విజిల్ వేశారు. లెక్కపెట్టి ఎక్కించారు. బస్సు కదిలింది.

సోమవారం నాడు తెలుగు సార్ 'మా విహారయాత్ర' మీద వ్యాసం రాయమన్నారు. సముద్రం మీద సూర్యోదయం బంగారు పళ్లెంలా ఉందని రాశాను. నాకు మొదటి బహుమతి ఇచ్చారు. ఆ వ్యాసం ఆ ఏడాది ఇదే సంచికలో అచ్చయింది కూడా. చూడని సూర్యోదయానికి తీసుకున్న స్టీలు గ్లాసు ఇప్పటికీ మా ఇంట్లో ఉంది.

నేనైనా దిగి నిలబడ్డాను. మా బ్యాచ్‌లో ఒకడు జ్వరం వచ్చి వెనక సీట్లో నిద్రపోయాడు. లేపితే ఆలస్యమవుతుందని లేపలేదు. పదో తరగతి తర్వాత వాడు చదువు మానేశాడు. లారీ మీద క్లీనరుగా చేరి ఇప్పుడు డ్రైవరయ్యాడు.

మన హాస్టల్ ముందు నుంచి పోయే రోడ్డును మనం విజయవాడ రోడ్డు అంటాం. కానీ ఆ రోడ్డు విజయవాడలో ఆగదు. పుణేలో మొదలై షోలాపూర్, హైదరాబాద్, సూర్యాపేట, విజయవాడ మీదుగా మచిలీపట్నం దాకా పోతుంది. పాత లెక్కలో 9వ నంబరు జాతీయ రహదారి, ఇప్పుడు 65. సూర్యాపేట నుంచి సుమారు 200 కిలోమీటర్లు. సాయంత్రం పూట ప్రహరీ గోడ మీద కూర్చొని మనం లారీలు లెక్కపెట్టే రోడ్డు చివరన సముద్రం ఉందని నాకు డిగ్రీ రెండో సంవత్సరంలో గాని తెలియలేదు. ఎనిమిదేళ్లు ఆ గోడ మీదనే కూర్చున్నాను!

పోయిన డిసెంబరులో పీజీ రూమ్మేట్లు ఇద్దరితో కలిసి మళ్లీ బందరు పోయాను. మచిలీపట్నాన్ని అక్కడివాళ్లు బందరే అంటారు. బందరు అంటే రేవు అనే అర్థం. ఆర్టీసీ బస్సులో విజయవాడ, అక్కడి నుంచి ఇంకో బస్సులో 70 కిలోమీటర్లు. రెండు రాత్రులు ఉన్నాం. ఏం చూడాలో కాగితం రాసుకోలేదు.

నిజం చెప్పాలంటే మొదటి రోజు నాకు కాళ్లు చేతులు ఆడలేదు. ఒడ్డున కూర్చున్న పది నిమిషాలకే ఏదో దుబారా చేస్తున్నట్టు అనిపించింది. ఫోన్ తీసి ఉద్యోగ నోటిఫికేషన్లు చూశాను. ఈ సమయంలో ఒక చాప్టరు అయిపోయేది కదా అనుకున్నాను. హాస్టల్లో గంట కొడితే లేవడం, గంట కొడితే తినడం, గంట కొడితే చదవడం అలవాటైన ప్రాణానికి గంట లేని పూట ఎట్లా గడపాలో తెలియలేదు. రెండో రోజు పొద్దున గాని ఆ తొందర తగ్గలేదు. చీకటితోనే లేచి పోయి, ఆరున్నర వేళకు సూర్యుడు నీళ్లలోంచి పైకి రావడం చూశాను. బంగారు పళ్లెంలా ఏమీ లేడు. మొదట మబ్బుల్లో ఎర్రటి గీత, తర్వాత ఒక్కసారిగా కళ్లు చెదిరే వెలుగు. ఒడ్డున ఇసుక కూడా నేననుకున్నట్టు తెల్లగా లేదు, నల్లమట్టి. వల లాగుతున్న ఒకాయన "ఏ ఊరు బాబూ?" అని అడిగాడు. చెబితే, "ఓ, ఇదే రోడ్డు కదా!" అన్నాడు.

మా అమ్మకు ఫోన్ చేసి చెబితే ఆమె అడిగిన మొదటి మాట, "ఏం పని మీద పోయినవ్ బిడ్డా?" పని ఏమీ లేదమ్మా, ఊకెనే వచ్చిన అన్నాను. కాసేపు మాట్లాడలేదు. "ఊకెనే ఎవలన్న పోతరా?" అంది. ఆమె తప్పు కాదు. ఆమె ఎరిగిన ప్రయాణాలు నాలుగే: మిర్చి ఏరను ఖమ్మం దిక్కు, దవాఖానకు, చావుకు, రెండేళ్లకోసారి పెద్దగట్టు జాతరకు. పని లేకుండా ఒక ఊరికి పోయి కూర్చోవడం కలిగినోళ్లు చేసే పని అని మన ఇళ్లల్లో అందరి నమ్మకం. ఆ నమ్మకమే మన యాత్రల కాగితాల్లోకీ వచ్చింది. ఖర్చు పెట్టాం కాబట్టి ఆరు చోట్లు చూపించి లెక్క సరిచేయాలి. విశ్రాంతిని కూడా కూలి పనిలా గంటల్లో కొలుస్తున్నాం.

ఏప్రిల్ 14న మనం బాబాసాహెబ్ చదువు గురించి, రాజ్యాంగం గురించి ఉపన్యాసాలిస్తాం. ఆయన 1942 నుంచి 1946 దాకా వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో కార్మిక శాఖ చూశారు. ఫ్యాక్టరీ కార్మికులకు జీతంతో కూడిన సెలవులు 1945లో చట్టంలోకి వచ్చింది ఆ కాలంలోనే. వారానికి 54 గంటలున్న పనిని 48 గంటలకు తగ్గించిన సవరణ 1946 నాటిది. తీరిక అనేది ఎవరో దయతలచి ఇచ్చేది కాదని ఆయనకు తెలుసు. ఈ సంగతి మన వేదికల మీద ఎవరూ చెప్పగా నేను వినలేదు.

అందుకని నా ప్రతిపాదన: ఒకే ఊరు, రెండు రాత్రులు. ఆ ఊరు బందరు. పిల్లలు మళ్లీ ఎప్పుడు పోతారో ఏమో, పోయినప్పుడే అన్నీ చూపించాలి అని పెద్దలు అంటారు. వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. కానీ 2016లో మాకు అన్నీ చూపించారు. నాకు గుర్తున్నవి క్యూ, వాంతులు, విజిల్.

కొంతమందికి బందరు చిన్న ఊరనిపించవచ్చు. తీరిగ్గా తిరిగితే చిన్నది కాదు. గోల్కొండ సుల్తానులకు పెద్ద రేవు ఇదే. మన తెలంగాణ సరుకు ఓడలెక్కింది ఇక్కడే. డచ్చివాళ్లు వచ్చారు, 1611లో ఇంగ్లీషువాళ్లు వర్తకశాల పెట్టారు, ఫ్రెంచివాళ్లూ వచ్చారు. వాళ్లంతా పోయినా పేటల పేర్లలో మిగిలారు: వలందపాలెం అంటే హాలెండువాళ్ల పాలెం, ఇంగిలీషుపాలెం, పరాసుపేట అంటే ఫ్రెంచివాళ్ల పేట. సాంఘికశాస్త్రంలో 'ఐరోపావారి రాక' పాఠం బట్టీ పట్టే తమ్ముళ్లు ఆ బోర్డులు చదువుకుంటూ నడిస్తే చాలు. 1864 నవంబరు 1 రాత్రి వచ్చిన తుఫానులో ఉప్పెన ఊరి మీద పడి సుమారు 30,000 మంది చనిపోయారు. ఆ సంగతి తెలుసుకొని ఒడ్డున నిలబడితే సముద్రం ఫొటోలోలాగా కనిపించదు.

ఒక పూట పెడనకు కేటాయించాలి. బందరుకు సుమారు 10 కిలోమీటర్లు. కలంకారీ అద్దకం అక్కడ ఇప్పటికీ చేతి పనే. గుడ్డను కరక్కాయ నీళ్లలో నానబెట్టడం, టేకు చెక్క మీద చెక్కిన అచ్చులతో వరసగా అద్దడం, తుప్పు ఇనుమును బెల్లం నీళ్లలో ఊరవేసి నల్ల రంగు తీయడం, కాలువలో ఉతకడం. మేం చూసిన షెడ్డులో ఒక పెద్దాయన గీత గీయకుండా, కొలత పెట్టకుండా, ఒక అచ్చు పక్కన ఇంకో అచ్చు వెంట్రుకవాసి తేడా లేకుండా కొడుతున్నాడు. రెండు గంటలు నిలబడి చూశాం. ఆరు చోట్ల లెక్కలో ఆ రెండు గంటలు ఎవరూ ఇవ్వరు. వచ్చేటప్పుడు తొక్కుడు లడ్డు కొనుక్కోవచ్చు. శనగపిండితో చేసినదాన్ని రోట్లో దంచి, బెల్లం పాకం, నెయ్యి పోసి కడతారు. బందరు లడ్డు అంటే అదే.

మిగతా సమయం ఖాళీగా ఉండాలి. ముఖ్యంగా మొదటి సాయంత్రం ఏ కార్యక్రమమూ పెట్టొద్దు. తిని, ఒడ్డున కూర్చొని, కబుర్లు చెప్పుకొని పడుకోవడమే.

వసతి గురించి అడుగుతారని తెలుసు. లాడ్జీలు అక్కర్లేదు. బందరు జిల్లా కేంద్రం, మనలాంటి హాస్టళ్లు అక్కడా ఉన్నాయి. వార్డెన్ సార్ ద్వారా రెండు శాఖలకూ ముందుగా ఉత్తరాలు రాసి, సెలవు రోజుల్లో ఖాళీగా ఉండే గదులు అడుగుదాం. పరుపులు మనవే తీసుకుపోదాం. వాళ్ల పిల్లలు ఇటు వచ్చినప్పుడు మన హాల్లో పడుకుంటారు. అద్దె బస్సు బదులు ఆర్టీసీలో పోతే చందా డబ్బులు రెండో రోజు భోజనాలకు మిగులుతాయి. పక్క రాష్ట్రం కాబట్టి అనుమతి కాగితాలకు సమయం పడుతుంది, ఇప్పుడే మొదలుపెట్టాలి.

ఎప్పుడు పోవాలన్నదీ చూసుకోవాలి. అక్టోబరు, నవంబరు తుఫానుల కాలం. కార్తీక పౌర్ణమికి, మాఘ పౌర్ణమికి సముద్ర స్నానాలకు జనం విరగబడతారు. మే నెల ఎండ సంగతి చెప్పక్కర్లేదు. డిసెంబరు రెండో శనివారం, ఆదివారం అనుకూలం. శుక్రవారం మధ్యాహ్నం బయలుదేరితే సరి.

ఇక అసలు భయం నీళ్లు. దీన్ని తేలిగ్గా తీసుకోను. ఒక్క పిల్లవాడికి ఏదైనా జరిగితే వాడి తల్లికి ఎవరం సమాధానం చెప్పలేం, ముందు బలయ్యేది వార్డెన్ సార్. ఖాళీ సమయం ఇస్తే పిల్లలు నీళ్లలోకి ఉరుకుతారు అంటారు. నేను చూసినంతలో ఉరికేది ఇరవై నిమిషాలే ఉన్నప్పుడు. రేపు పొద్దున కూడా సముద్రం ఇక్కడే ఉంటుందని తెలిసినవాడు అంత ఆత్రపడడు. అయినా కట్టుబాట్లు ఉండాలి. నీళ్లలోకి పొద్దున పూటే, మోకాళ్ల లోతు దాటకుండా, ఇద్దరిద్దరు జతగా. ఎక్కడ దిగాలో ఆ రోజు అక్కడి మత్స్యకారులను అడగాలి, వాళ్లు వద్దంటే దిగొద్దు. చీకటి పడ్డాక ఎవరూ నీళ్ల దగ్గర ఉండొద్దు. ఒడ్డు నుంచి లోపలికి లాగే ప్రవాహం ఒకటి ఉంటుంది. దానికి ఎదురీదితే అలసిపోయి మునుగుతారు. చేయెత్తి కేకవేయాలి, ఒడ్డు వెంబడి పక్కకు జరగాలి. ఈ మాట బయలుదేరే ముందే హాస్టల్లో ప్రతి పిల్లవాడికీ చెప్పాలి. వీటన్నిటికీ పది మంది పిల్లలకు ఒక పెద్దవాడు చొప్పున కావాలి. నలభై మంది వెళ్తే నలుగురు. అందులో కనీసం ఇద్దరికి ఈత వచ్చి ఉండాలి. పాత విద్యార్థులు చందాతో పాటు రెండు రోజులు కూడా ఇవ్వాలని నేను అడిగేది అందుకే.

ఇది రాసే ముందు ఆ లారీ మిత్రుడికి ఫోన్ చేశాను. బందరుకు ఎన్నిసార్లు పోయావురా అని అడిగితే, "లెక్క లేదు, నెలకు రెండు లోడ్లు" అన్నాడు. సముద్రం చూశావా? "ఏడ్రా, గోడౌన్ కాడ దించుడు, మళ్ల ఎక్కుడు." డిసెంబరు రెండో శనివారం సంగతి చెప్పాను. వాడికి ఈత వచ్చు, మా బావిలో అందరికంటే ముందు నేర్చింది వాడే. కాసేపు ఆగి, "ఆ రెండు రోజులు లోడు పెట్టుకోను, పిల్లగాళ్లను నేను చూసుకుంట" అన్నాడు.

నేనూ వస్తాను. ఇంకా ఇద్దరు కావాలి.