కాపురానికి జీతం చీటీ

లండన్ సంబంధం అంటే మా దొనకొండలో ఇప్పటికీ గొప్పే. అబ్బాయి ఏ ఊళ్ళో ఉన్నా సరే, బ్రిటన్ అంటే మాకు లండనే. పెళ్ళిచూపుల్లో పొలం అడుగుతారు, గోత్రం అడుగుతారు, ఇల్లు సొంతమా అద్దెదా అని కూడా అడుగుతారు. "అమ్మాయిని తీసుకెళ్ళడానికి నీ జీతం చాలుతుందా నాయనా?" అని మాత్రం ఎవరూ అడగరు. అడగాలనే నేనంటాను.

అక్కడ పౌరసత్వం ఉన్నవాళ్ళు గానీ, శాశ్వత నివాసం వచ్చినవాళ్ళు గానీ భార్యనో భర్తనో పిలిపించుకోవాలంటే ఏడాదికి ఇంత ఆదాయం ఉండాలని 2012 జులైలో నియమం పెట్టారు. అప్పుడది 18,600 పౌన్లు. 2024 ఏప్రిల్ 11 నుంచి కొత్త దరఖాస్తులకు 29,000 చేశారు. మన డబ్బుల్లో 30 లక్షల పైమాటే. 2025 ఏప్రిల్‌లో అక్కడ పెద్దవాళ్ళకు గంటకు కనీస కూలి 12.21 పౌన్లు. వారానికి 40 గంటలు, ఏడాదిలో ఒక్క వారం మానకుండా చేసినా 25,400 దాటదు. అంటే గోడౌన్లో ఒళ్ళు వంచి మూటలు మోసే పిల్లాడు కష్టపడటం లేదని కాదు, ఆ కష్టానికి కాపురం చేసే అర్హత లేదని.

మా బంధువుల్లో ఒకమ్మాయి హైదరాబాదులో మంచి ఉద్యోగంలో ఉంది. పెళ్ళయి పద్నాలుగు నెలలు, ఇంకా పుట్టింట్లోనే. మొగుడి జీతానికి తన జీతం కలిపితే సరిపోతుంది కదా అనుకుంది. కలపరు. ఇక్కడి నుంచి వెళ్ళేవాళ్ళు ఇక్కడ సంపాదించే జీతాన్ని ఆ మొదటి దరఖాస్తులో లెక్కలోకి తీసుకోరు. ఆడవాళ్ళ ఇంటిచాకిరీకి ఎటూ లెక్క లేదు, బయట చేసిన ఉద్యోగానికీ లేకపోతే ఎలా? ఆ పిల్ల ప్రతి పండక్కీ "ఎప్పుడెళ్తున్నావమ్మా?" అనే ప్రశ్నకు జవాబు చెప్పలేక గుడికి రావడమే మానేసింది.

జీతం లేకపోతే బ్యాంకులో డబ్బు చూపించొచ్చు. కానీ 88,500 పౌన్లు, ఆరు నెలలుగా ఖాతాలో కదలకుండా ఉండాలి. చేబదులు తెచ్చి చూపిద్దాం అనే మన తెలివి అక్కడ చెల్లదు, అప్పు సొమ్ము పనికిరాదు.

వచ్చినవాళ్ళు ప్రభుత్వానికి భారం కాకూడదని వాళ్ళ వాదన. నాకది మింగుడుపడదు. ఆ వీసా మీద వెళ్ళినవాళ్ళకు మామూలుగా ప్రభుత్వ భృతులు ఇవ్వనే ఇవ్వరు. వైద్యానికి ఏడాదికి 1,035 పౌన్ల చొప్పున ముందే కట్టించుకుంటారు. ఇంక భారమెక్కడ? అక్కడి సుప్రీంకోర్టు 2017లో ఈ ఆదాయ నియమం చట్టబద్ధమేనంది. అయితే పిల్లల క్షేమాన్ని సరిగా చూడలేదని కూడా తప్పుపట్టింది. తండ్రిని ఫోన్ తెరమీద మాత్రమే చూస్తూ పెరిగే పిల్లల గురించి ఆ దేశపు బాలల కమిషనర్ 2015లోనే నివేదిక ఇచ్చారు.

ఒక్క బ్రిటనే కాదులెండి. కువైట్ కూడా 2024 జనవరిలో కుటుంబ వీసాకు 800 దినార్ల జీతం ఉండాలంది. డ్రైవరు పనికి వెళ్ళిన మనవాళ్ళలో అంత వచ్చేదెవరికి?

అందుకే సంబంధం మాట్లాడేటప్పుడే అబ్బాయి ఏ వీసా మీద ఉన్నాడో అడగండి. మాస్టర్స్ చదువుకు వెళ్ళినవాళ్ళు 2024 జనవరి నుంచి భార్యను వెంట తీసుకెళ్ళలేరు, పరిశోధన చేసేవాళ్ళు తప్ప. వృద్ధుల సంరక్షణ పనికి ఆ ఏడాది మార్చి 11 తర్వాత వీసా తెచ్చుకున్నవాళ్ళూ అంతే. స్థిరపడ్డవాడైతే ఆరు నెలల జీతం చీటీలు చూపించమనండి. వీసా ఆఫీసు వాళ్ళు ఎలాగూ అడుగుతారు, ముందు మనం చూస్తే తప్పేముంది?

అలా అడిగితే మగపెళ్ళివారి దగ్గర మర్యాద పోతుందంటాడు మా మరిది. గేదెను కొనేముందు మాత్రం రెండు పూటలా పాలు పిండించి చూస్తాడు.