ఎల్‌కేజీకి రెండున్నర లక్షలట, పాపం మనం!

ప్రతి ఏడూ మార్చి నెలాఖరు వచ్చిందంటే మన ఆఫీసు వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే గోల. "ఎల్‌కేజీకి రెండున్నర లక్షలట!", "అడ్మిషన్ ఫీజు వేరేనట!", "నా బీటెక్ మొత్తం ఇంతలో అయిపోయింది గురూ!" అని. కొండాపూర్ వాడొకడు, నల్లగండ్ల వాడొకడు, కోకాపేటలో ఇల్లు కొని ఈఎంఐ కడుతున్నవాడు ఇంకొకడు. చివరికి అందరూ కలిసి తేల్చేదేంటంటే, ప్రభుత్వం ఫీజుల్ని నియంత్రించాలి.

నియంత్రించాల్సిందే. ఇందులో నాకేం పేచీ లేదు. 2017లో ప్రొఫెసర్ తిరుపతిరావు గారి కమిటీ వేసారు, ఏటా పది శాతం దాకా పెంచుకోవచ్చని ఆ కమిటీ చెప్పింది, తర్వాత ఏళ్ళ తరబడి చట్టం మాత్రం రాలేదు. 2020లో కరోనా వచ్చినప్పుడు జీవో 46 ఇచ్చి ట్యూషన్ ఫీజు ఒక్కటే, అదీ నెలనెలా తీసుకోమన్నారు. దాన్ని ఎన్ని స్కూళ్ళు పాటించాయో అప్పుడు పిల్లలున్నవాళ్ళకి తెలుసు.

నాకు పేచీ ఎక్కడంటే, ఇదే గ్రూపులో ఎవరైనా "ప్రైవేటు బళ్ళలో పేదపిల్లలకి 25 శాతం సీట్లు" అన్నారనుకోండి, అప్పటిదాకా ఫీజుల బాధితులుగా ఉన్న మనవాళ్ళు టక్కున పన్ను కట్టేవాళ్ళుగా మారిపోతారు. "ఇంకెన్ని ఉచితాలు? అదంతా మన టాక్స్ డబ్బే కదా?"

సరే, టాక్స్ గురించే మాట్లాడుకుందాం. పాత పన్ను పద్ధతిలో మనం 80సీ అని పిలుచుకునే మినహాయింపులో ఇద్దరు పిల్లల ట్యూషన్ ఫీజు కూడా ఉంది. పరిమితి లక్షన్నర. ముప్ఫై శాతం శ్లాబులో ఉన్నవాడికి, సెస్సుతో కలిపి, దానివల్ల మిగిలేది 46,800 రూపాయలు. (పీఎఫ్ ఆ లక్షన్నరని ముందే మింగేస్తుంది, కొత్త పద్ధతిలో అసలు ఆ మినహాయింపే లేదు అంటారు. ఒప్పుకుంటాను. కానీ అది వచ్చినన్నాళ్ళూ ఎవరూ దాన్ని ఉచితం అనలేదు కదా?) కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకైతే పిల్లల చదువు భత్యం 2024 జనవరి నుంచి బిడ్డకి నెలకి 2,812 రూపాయల 50 పైసలు. ఏడాదికి 33,750. ప్రైవేటు బడిలో చదివినా వస్తుంది.

ఇప్పుడు అవతలి లెక్క చూడండి. తెలంగాణలో బెస్ట్ అవైలబుల్ స్కూల్స్ అని ఒక పథకం ఉంది. పేద దళిత, గిరిజన పిల్లల్ని మంచి ప్రైవేటు బడిలో వేసి ప్రభుత్వమే ఫీజు కడుతుంది. రోజూ వెళ్ళొచ్చేవాళ్ళకి ఏడాదికి 28,000, హాస్టల్లో ఉండేవాళ్ళకి 42,000. సీటు ఎలా ఇస్తారంటే, కలెక్టరేట్‌లో లాటరీ తీసి. అంటే, ఉద్యోగం ఉన్నవాడికి వచ్చే సాయం హక్కు, కూలీ కొడుక్కి వచ్చేది లక్కీ డిప్. పోనీ డిప్పులో పేరొచ్చినా డబ్బులు సమయానికి వస్తాయా? 2025 అక్టోబరులో ఏం జరిగిందో పేపర్లలో చూసే ఉంటారు. బకాయిలు రాలేదని స్కూళ్ళు ఆ పిల్లల్ని గేటు దగ్గరే ఆపేస్తే, తల్లిదండ్రులు కలెక్టరేట్ల ముందు కూర్చున్నారు.

మాది కంగ్టి. నారాయణఖేడ్ అవతల, 2016 దాకా మెదక్ జిల్లా, ఇప్పుడు సంగారెడ్డి. హైదరాబాద్‌లో ఊరి పేరు చెప్తే సగం మంది "అది కర్ణాటకలో కదా?" అంటారు. మరీ తప్పేం కాదు, పడమరకి కాస్త పోతే బీదర్ జిల్లానే. మా అక్క కొడుకు రెండో తరగతి, ఖేడ్‌లో ఒక ప్రైవేటు బడికి వ్యాన్‌లో పోతాడు. ఫీజు 22,000, వ్యాన్‌కి 9,000, పుస్తకాలు, యూనిఫారం వేరే. మొన్న జూన్‌లో ఫోన్ చేసి, "తమ్మీ, పుస్తకాలకే ఐదు వేలన్నరు రా. బయట కొంటమంటే వద్దంటున్నరు, ఆళ్ళ తాననే కొనాల్నట" అంది.

మన రెండున్నర లక్షల ముందు ఇదెంత అనిపిస్తుంది. కానీ బడి డబ్బు అడిగే నెల చూడండి. జూన్. మా దగ్గర జూన్ అంటే విత్తనాలు, ఎరువులు, దుక్కి కూలి. సోయా, పెసర, మినుము, కంది అన్నీ అప్పుడే వేస్తారు. ఇంట్లోంచి డబ్బు పోయే నెలే తప్ప వచ్చే నెల కాదు. కంది చేతికొచ్చి అమ్ముడుపోయేసరికి సంక్రాంతి దాటుతుంది. కాబట్టి ఫీజు అప్పు మీదే కట్టాలి, ఆ అప్పు నూటికి రెండు రూపాయల మిత్తి. తండాల్లో అయితే దసరా, దీపావళి దాటాక చెరుకు నరకడానికి కుటుంబాలు బయల్దేరతాయి. ముకద్దం దగ్గర ముందే తీసుకున్న డబ్బులోంచి బడి ఫీజు కట్టినవాళ్ళు నాకు తెలుసు. పిల్లాడి ఒకటో తరగతికి అమ్మానాన్నల ఆర్నెల్ల పని ముందే అమ్ముడుపోతుందన్నమాట. నెలజీతం మీద బతికే మనకి ఇది చప్పున అర్థం కాదు.

"మరి సర్కారు బడికి పంపొచ్చుగా?" ఈ ప్రశ్న ఎప్పుడూ ఏసీ గదిలోంచే ఎందుకొస్తుందో! నేను పదో తరగతి దాకా చదివింది సర్కారు బడే, దాని మీద నాకు గౌరవమే. అవి బాగుపడాలి, టీచర్లని వెయ్యాలి, దానికోసం ఎంత అరిచినా నేనూ వస్తాను. కానీ బడి బాగయ్యేదాకా పిల్లాడి వయసు ఆగదు. ఇంగ్లీషు రాక క్యాంపస్ ఇంటర్వ్యూల్లో మనలో ఎంతమంది ఏడ్చామో గుర్తుందిగా? మా అక్కా అదే చూసింది, నన్ను చూసే భయపడింది.

అసలు ఇదంతా ఎవరో దయతో ఇవ్వాల్సింది కూడా కాదు. 2009 విద్యాహక్కు చట్టంలో 12(1)(సి) అని ఒక సెక్షన్ ఉంది. ప్రైవేటు బళ్ళు ప్రవేశ తరగతిలో నాలుగో వంతు సీట్లు బలహీన వర్గాల పిల్లలకి ఉచితంగా ఇవ్వాలి. ప్రభుత్వం ఒక్కో పిల్లాడి మీద తను పెట్టే ఖర్చో, ఆ బడి ఫీజో, రెండింట్లో ఏది తక్కువైతే అది బడికి తిరిగి చెల్లించాలి. 2010 ఏప్రిల్ 1 నుంచి చట్టం అమల్లో ఉంది. 2012 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు సరేనంది. ఉమ్మడి రాష్ట్రం 2011లో రూల్స్ కూడా రాసింది: ఎస్సీలకి 10, ఎస్టీలకి 4, అనాథలు, దివ్యాంగులు, హెచ్‌ఐవీ బాధిత పిల్లలకి 5, మిగతా పేదలకి 6 శాతం. కోడ్ రాసారు, రివ్యూ అయింది, చెకిన్ చేసారు. డిప్లాయ్ మాత్రం చెయ్యలేదు! తెలంగాణ వచ్చాక కూడా పదేళ్ళకి పైగా అంతే.

మా ఊరి పక్కనే చూడండి. కర్ణాటక 2012-13 నుంచి అమలు చేసింది, బీదర్ జిల్లా పిల్లలు ఆ సీట్లలో చేరారు. 2019లో దగ్గర్లో సర్కారు బడి ఉంటే ప్రైవేటు బడి ఇవ్వక్కర్లేదని రూలు మార్చారు, సీట్లు ఒక్కసారిగా పడిపోయాయి. అదే పని మహారాష్ట్ర 2024 ఫిబ్రవరిలో చెయ్యబోతే, జూలైలో బొంబాయి హైకోర్టు కొట్టేసింది. కాబట్టి మాకు ఉత్తరాన నాందేడ్ జిల్లాలో కూలీ బిడ్డ ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆంధ్రప్రదేశ్ కూడా 2022-23లో మొదలుపెట్టింది. పైగా అక్కడ 2020 నుంచి అమ్మఒడి, 2025 నుంచి తల్లికి వందనం, ప్రైవేటు బడి పిల్లల తల్లులకీ వచ్చాయి. ఈ పథకాల్లో లోపాలు బోలెడు, వాటి మీద కొట్లాడుకోవచ్చు. కంగ్టిలో కొట్లాడుకోడానికి ఆ పథకమైనా లేదు.

యాజమాన్యాలు చెప్పే మాట ఒకటి మాత్రం నిజం. సర్కారు డబ్బు సమయానికి రాదు. నాకంటే బాగా ఎవరికి తెలుసు? నేను 2015 బ్యాచ్, బీసీ, ర్యాంకు పది వేలు దాటింది కాబట్టి ప్రభుత్వం 35,000 ఇస్తుంది, మిగతాది మేం కట్టుకోవాలి. మాది మేం కట్టాం. సర్కారు వాటా రాలేదని కాలేజీ నా సర్టిఫికెట్లు ఆపేసింది. ఆఫర్ లెటర్ చేతిలో ఉంది, ప్రొవిజనల్ లేదు. నాన్న అప్పు తెచ్చి కడితే అప్పుడిచ్చారు. 2025 నవంబరులోనూ ఇవే ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిల కోసం ప్రైవేటు కాలేజీలు బంద్ పెట్టాయి. బాకీ పడింది ప్రభుత్వం, వసూలు చేసేది పిల్లాడి దగ్గర. ఇది బడికైనా కాలేజీకైనా తప్పే, ఏ చట్టం తెచ్చినా మొదటి వాక్యం దీని గురించే ఉండాలి.

ఇక మన గ్రూపుల్లో చివరి అస్త్రం: "ఆ పిల్లల ఖర్చు మన ఫీజులోనే కలుపుతారు." నిజమే కావచ్చు, కలపొచ్చు. కానీ స్విమ్మింగ్ పూల్ కలిపారు, గుర్రపు స్వారీ కలిపారు, ఏసీ బస్సు కలిపారు, అప్పుడెవరూ గ్రూపులో టాక్స్ మాట ఎత్తలేదు. పక్క బెంచీలో డ్రైవర్ కూతురు కూర్చుంటేనే లెక్కలు గుర్తొస్తాయా? "మేం ఏటా ఇద్దరు పిల్లల్ని స్పాన్సర్ చేస్తున్నాం" అనేవాళ్ళూ ఉన్నారు. మంచిదే, మానకండి. అయితే మీ బోనస్ తగ్గిన ఏడాది ఆ ఇద్దరి సంగతేంటి?

కాబట్టి ఈసారి ఫీజుల మీద పిటిషన్ తయారు చేసేటప్పుడు ఇంకో రెండు ముక్కలు చేర్చండి. 25 శాతం సీట్లు ఒకటి. రెండోది, ఏ బడికి ఎంత బాకీ ఉంది, ఏ తేదీన చెల్లించారు అన్నది ఊరి పేరుతో సహా అందరికీ కనపడేలా పెట్టడం. సాఫ్ట్‌వేర్ లేదంటే చెప్పండి. ఒక డేటాబేసు, నాలుగు స్క్రీన్లు. నేనూ నా టీములో ఇంకో ముగ్గురూ శని, ఆదివారాలు కూర్చుని రాసిస్తాం.